పాత కంప్యూటరును పారేసే ముందు ఒక్కసారి మూత విప్పి చూడండి

పొలంలో బోరు మోటారు కాలిపోతే మన నల్లగొండ జిల్లా రైతు చేసే మొదటి పని కొత్త మోటారు కొనడం కాదు. మోటారును పైకి తీయించి, ఆటోలో వేసుకుని వైండింగు షాపుకు తీసుకుపోతాడు. తీగ చుట్టించి, బేరింగులు మార్పించి మళ్లీ బోరులోకి దించుతాడు. రెండుసార్లు, మూడుసార్లు వైండింగు చేయించిన తర్వాత, ఇక లాభం లేదని మేస్త్రీ చెబితేనే కొత్తదాని మాట ఎత్తుతాడు. అదే రైతు ఇంట్లో పిల్లల చదువుకోసం పెట్టుకున్న కంప్యూటరు నెమ్మదించిందంటే మాత్రం ఎవరో చెప్పిన మాట విని కొత్తదానికి కిస్తీలు కడుతున్నాడు.

ఈ తేడా ఎందుకు? మోటారు లోపల ఏముందో, దానిలో ఏది చెడుతుందో, దేనికెంత అవుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. కంప్యూటరు డబ్బా లోపల ఏముందో మాత్రం చాలామందికి తెలియదు. ఆ తెలియనితనమే వేల రూపాయల ఖర్చుగా మారుతున్నది.

దుకాణంలో జరిగే మాట

2020లో కరోనా కారణంగా బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, ఆ తర్వాత డిగ్రీ, ఇంజనీరింగు చదువులు ఇంటి దగ్గరి నుంచే సాగినప్పుడు, పల్లెల్లో స్తోమత ఉన్నవారు కొత్తవి, లేనివారు పాతవి కంప్యూటర్లు కొన్నారు. అవి నేటికి ఇళ్లల్లో ఉన్నాయి. బిడ్డ దోస్తు దరఖాస్తు పెట్టుకోవాలన్నా, ఎప్‌సెట్ నమూనా పరీక్ష రాయాలన్నా అవే ఆధారం. అయితే ఇప్పుడవి స్విచ్ వేస్తే అయిదు నిమిషాలకు గాని తెరుచుకోవడం లేదు. అప్పుడు ఏ మండల కేంద్రంలోనైనా ఇలాంటి సంభాషణ వినవచ్చు.

"కాకా, ఇది ఇగ పనికిరాదు. విండోస్ 10 బంద్ అయింది. కొత్తది తీసుకో, కిస్తీల మీద ఇప్పిస్త."

"ఎంతైతది తమ్మీ?"

"నలభై వేలు అనుకో. నెలనెలా కట్టుకుంట పో."

నలభై వేలంటే చిన్న రైతు ఇంట్లో ఒక పంట మీద మిగిలే డబ్బు. ఒక్కోసారి అంత కూడా మిగలదు. దుకాణదారులందరూ ఇలా చెబుతారని అనడం లేదు. ఓపికగా విప్పి చూసి, ఇరవై రూపాయల పనికి ఇరవై రూపాయలే తీసుకునేవారూ ఉన్నారు. కాని కొత్తది అమ్మితే వచ్చే లాభం పాతది బాగుచేస్తే రాదన్నది కూడా దాచవలసిన సంగతి కాదు. అందువల్ల కొనేవాడికే కాస్త తెలివిడి అవసరం.

విండోస్ 10 సంగతి

విండోస్ 10 సాఫ్టువేరుకు మైక్రోసాఫ్ట్ కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇది నిజమే. ముగియడమంటే ఆ రోజుతో కంప్యూటరు ఆగిపోయిందని అర్థం కాదు. దొంగదారిన చొరబడేవారిని అడ్డుకునే మరమ్మతులు కంపెనీ నుంచి మామూలుగా రావడం నిలిచిపోయిందని అర్థం. ఇళ్లల్లో వాడేవారు కోరితే ఒక సంవత్సరంపాటు, అంటే 2026 అక్టోబరు 13 వరకు, ఆ మరమ్మతులు అందే ఏర్పాటు కూడా కంపెనీయే చేసింది. ఈ మాట దుకాణంలో సాధారణంగా చెప్పరు.

దాని తర్వాతిదైన విండోస్ 11 అన్ని పాత యంత్రాల మీద ఎక్కదు. టిపిఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా 8వ తరం, లేదా ఆ తర్వాతిది కావాలి. 8వ తరం 2017లో వచ్చింది. మన కంప్యూటరు ఏ తరమో తెలుసుకోవడం కష్టం కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ అన్నచోట నొక్కితే ప్రాసెసర్ పేరు కనబడుతుంది. ఐ5-4590 అని ఉంటే 4వ తరం. ఐ5-8250 అని ఉంటే 8వ తరం. ఐ5-10400 అని అయిదు అంకెలుంటే మొదటి రెండు అంకెలు తరాన్ని చెబుతాయి, అది 10వ తరం. ఈ ఒక్క సంగతి తెలిసి దుకాణానికి వెళ్లినవారిని మోసపుచ్చడం అంత సులభం కాదు.

ముందు ఖర్చు లేని పనులు

మరమ్మతు అంటే వెంటనే సామాను కొనడం కాదు. మన ఇళ్లల్లో దుమ్ము ఎక్కువ. డబ్బా లోపల ప్రాసెసర్ మీద ఉండే చిన్న ఫ్యానుకు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే యంత్రం వేడెక్కుతుంది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పిస్తే కొన్ని యంత్రాలు అక్కడే కుదుటపడతాయి.

స్విచ్ వేస్తే కూతలు పెట్టి తెర వెలగకపోతే, "మదర్‌బోర్డు పోయింది" అని కొందరు తేల్చేస్తారు. కరెంటు తీసివేసి, ర్యామ్ పలకను బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి మళ్లీ బిగిస్తే చాలాసార్లు తెర వెలుగుతుంది.

ఇంకొకటి. కంప్యూటరులో తేదీ ప్రతిసారీ వెనక్కు పోతుంటే, వెబ్‌సైట్లు తెరుచుకోకుండా "సురక్షితం కాదు" అని అడ్డుపడుతుంటే, అది నెట్టు తప్పు కాదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032, మూడు వోల్టులది. అది అయిపోతే తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే వెబ్‌సైట్లు నమ్మవు. ఆ బిళ్ల ధర కొద్ది రూపాయలే. అంతటి చిన్న బిళ్ల కోసం మొత్తం కంప్యూటరును పక్కన పడేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

గుమ్మి, కల్లం

ఇక డబ్బు పెట్టవలసిన చోట్లు రెండే. ఒకటి డిస్కు, రెండు ర్యామ్.

డిస్కు ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి వంటిది. ఫొటోలు, పాఠాలు, సాఫ్టువేరు అన్నీ అక్కడే నిలవ ఉంటాయి. ర్యామ్ కల్లం వంటిది. పని జరిగేది కల్లంలోనే. కల్లం ఇరుకైతే కొంత తెచ్చి, దాన్ని మళ్లీ గుమ్మిలో పోసి, ఇంకొంత తెచ్చి ఇలా తిరుగుతూనే ఉండాలి. గుమ్మి దారి కూడా ఇరుకైతే ఇక చెప్పనక్కరలేదు.

పాత కంప్యూటర్లలో ఉండేది హార్డు డిస్కు. దానిలో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటే గ్రామఫోను ముల్లు వంటిది ఒకటి అటూఇటూ కదిలి సమాచారం ఏరుకుంటుంది. ముల్లు కదిలేంతవరకు మనం కాచుకోవాలి. దాని స్థానంలో వచ్చిన ఎస్.ఎస్.డి.లో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. హార్డు డిస్కు సెకనుకు నూరు, నూటయాభై మెగాబైట్లు చదివితే, సాధారణ రకం ఎస్.ఎస్.డి. అయిదు వందల దాకా చదువుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను ఏరడంలో తేడా దీనికి ఎన్నో రెట్లు. అందువల్లనే అయిదు నిమిషాలకు తెరుచుకునే యంత్రం ఎస్.ఎస్.డి. బిగించిన తర్వాత నిమిషంలోపే సిద్ధమవుతుంది. పాత కంప్యూటరుకు చేయించవలసిన మొదటి పని ఇదే. పాత హార్డు డిస్కును పారేయనక్కరలేదు. డెస్క్‌టాపులో దాన్ని కూడా ఉంచుకుని సినిమాలు, ఫొటోలు దాచుకోవచ్చు. అయితే మార్పించే ముందు అవసరమైనవన్నీ వేరొక చోటికి కాపీ చేసుకోవాలి. పిల్ల పెళ్లి ఫొటోలు పోయిన తర్వాత ఏడిస్తే లాభం ఉండదు.

ర్యామ్ 4 జీబీ ఉంటే 8 జీబీ చేయించాలి. ఇందులో ఒక చిక్కున్నది. డీడీఆర్ 3, డీడీఆర్ 4, డీడీఆర్ 5 అని మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. డెస్క్‌టాపు పలక పొడవు, ల్యాప్‌టాపు పలక పొట్టి. అందుచేత పాత పలకను విప్పి వెంట తీసుకువెళ్లి చూపించి కొనడమే మేలు.

ధరల విషయంలో జాగ్రత్త అవసరం. 2025 మధ్యలో 256 జీబీ ఎస్.ఎస్.డి. పదిహేను వందలు, రెండు వేల మధ్య దొరికేది. ఆ సంవత్సరం చివరి నుంచి ప్రపంచమంతటా కృత్రిమ మేధ కేంద్రాలు ర్యామ్ చిప్పులను పెద్ద ఎత్తున కొనడంతో ర్యామ్, ఎస్.ఎస్.డి.ల ధరలు బాగా పెరిగాయి. ఈ పెరుగుదల కొత్త కంప్యూటర్ల ధరలను కూడా తాకింది. కాబట్టి కనీసం మూడు దుకాణాలలో అడగాలి. బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకపోతే వారంటీ లేనట్లే. బిల్లు ఉండి కూడా దుకాణదారుడు మొండికేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

విండోస్ ఒక్కటే దారి కాదు

విండోస్ 11 ఎక్కని కంప్యూటరుకు ఉచితంగా దొరికే లినక్సు ఉంది. ఉబుంటు, మింట్ వంటివి అందులో రకాలు. ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారు చేసుకునే లిబ్రె ఆఫీసు కూడా ఉచితమే. తెలుగు టైపింగు ఉంది. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు లినక్సు తయారీకి పూనుకుని చాలా కృషి చేసింది. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్సు మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. వారికి సరిపోయింది మన పిల్లలకు సరిపోదా?

అయితే ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డి.టి.పి. సెంటర్లకు, ట్యాలీలో లెక్కలు రాసేవారికి, వేలిముద్రల పరికరాలతో పనిచేసే సేవా కేంద్రాలకు లినక్సు అనుకూలం కాదు. వారికి విండోస్ తప్పదు. ఇంట్లో పాఠాలు వినే, దరఖాస్తులు పెట్టుకునే, ప్రోగ్రాములు నేర్చుకునే విద్యార్థికి మాత్రం లినక్సుతో లోటేమీ ఉండదు.

కొన్ని దుకాణాలలో అర్హత లేని యంత్రానికి కూడా అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తున్నారు. అది నడవవచ్చు. కాని దానికి కంపెనీ హామీ లేదు, రేపు మరమ్మతులు ఆగిపోతే అడిగే దిక్కు లేదు. దొంగ కాపీలు వేయించుకోవడం అంతకంటే ప్రమాదం. బ్యాంకు ఖాతా తెరిచే కంప్యూటరులో దొంగ తాళం పెట్టుకున్నట్లే.

ఎప్పుడు ఆపాలి

పాతదాన్ని బాగుచేయించమన్నంత మాత్రాన ప్రతి పాత డబ్బాకూ డబ్బు పెట్టమని కాదు. ముసలి ఎద్దుకు కొత్త పట్టెడ కట్టినంత మాత్రాన అరక లాగదు. డీడీఆర్ 2 ర్యామ్ ఉన్న కోర్ టూ డ్యుయో కాలపు యంత్రాలకు ఖర్చు పెట్టడం దండుగ. మదర్‌బోర్డు కాలిపోయిన ల్యాప్‌టాపుకు బోర్డు మార్పించడం చాలావరకు నష్టమే. కొన్ని చవక ల్యాప్‌టాపులలో డిస్కు, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటాయి. వాటిని పెంచడానికి వీలుండదు. బ్యాటరీ ఉబ్బిన ల్యాప్‌టాపును వెంటనే ఆపివేయాలి. అది నిప్పుతో చెలగాటం.

లెక్క తేలికగా ఉండాలంటే ఒక పద్ధతి చెబుతాను. డిస్కు, ర్యామ్, కూలి అన్నీ కలిపి కొత్తదాని ధరలో మూడో వంతు దాటకపోతే బాగుచేయించండి. దాటితే ఆగి ఆలోచించండి. సగానికి చేరితే ఆ డబ్బు దాచి మరొకటి కొనండి.

పిల్లవాడు చదివే చదువును బట్టి కూడా నిర్ణయం మారుతుంది. ఇంటర్, డిగ్రీ చదివేవారికి, టైపు, పద్దుల పని నేర్చుకునేవారికి, పైథాన్ వంటి ప్రోగ్రామింగు మొదలుపెట్టేవారికి బాగుచేసిన 4వ తరం యంత్రం కూడా చాలు. ఇంజనీరింగులో భవనాల నమూనాలు గీసేవారికి, వీడియోలు కూర్చేవారికి, ఫోను యాప్‌లు తయారు చేసేవారికి చాలదు. అటువంటి పిల్లల విషయంలో పొదుపు చేయబోయి చదువుకు అడ్డం పడకూడదు.

కొత్తదానికీ పాతదానికీ మధ్య దారి

కొనక తప్పనప్పుడు కూడా కొత్తదే కొనాలని లేదు. హైదరాబాదులోని పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి మార్చేసిన కంప్యూటర్లు బాగుచేసి అమ్మకానికి వస్తాయి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఈ వ్యాపారానికి పేరున్న చోటు. ఆఫీసులకు తయారైన యంత్రాలు గట్టివి, విప్పడానికి సులువైనవి. కాని ఇక్కడా కొన్ని గుర్తులు చూడాలి. ప్రాసెసర్ 8వ తరం, ఆ పైది కావాలి. ల్యాప్‌టాపు అయితే మడత బందులు వదులుగా లేవని, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, తెర మీద మచ్చలు లేవని, అన్ని మీటలు పలుకుతున్నాయని అక్కడే చూసుకోవాలి. బిల్లు మీద ప్రాసెసర్, ర్యామ్, వారంటీ కాలం రాయించుకోవాలి. ఈ పని తెలిసినవారిని ఒకరిని వెంట తీసుకుపోవడం మంచిది. ఎద్దుల సంతకు ఒంటరిగా పోయే రైతు ఎవరు?

మన పల్లెల్లో వోల్టేజి సంగతి తెలిసిందే. కొత్తదైనా పాతదైనా డెస్క్‌టాపుకు యు.పి.ఎస్. ఉండాలి, ఇంటికి సరైన ఎర్తింగు ఉండాలి. యు.పి.ఎస్. నిలవకపోతే సాధారణంగా పోయేది లోపలి బ్యాటరీ మాత్రమే. దాన్ని ఒక్కదాన్ని మార్చుకోవచ్చు.

చివరకు నిజంగానే పనికిరాని యంత్రాన్ని పాత ఇనుప సామాన్లవారికి వేసేముందు డిస్కును తీసి ఉంచుకోండి. అందులో మీ ఆధార్, పట్టా పాసుపుస్తకం, బ్యాంకు కాగితాల నకళ్లు ఉంటాయి. పాత లావు మానిటరు గాజులో సీసం ఉంటుంది. దాన్ని చెరువు కట్ట మీద పగలగొట్టినా, తీగల్లోని రాగి కోసం వాటిని కాల్చినా ఊరికే నష్టం. ఇటువంటి వ్యర్థాల సేకరణకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త కేంద్ర నిబంధనలు అమలులోకి వచ్చాయి. కాని పల్లెల్లో వాటిని ఎక్కడ అప్పగించాలో సామాన్యుడికి తెలియజెప్పే ఏర్పాటు కనబడదు.

అధికారులు చేయవలసింది

ఇళ్లల్లోని మాట ఇలా ఉండగా, ప్రభుత్వ పాఠశాలల్లో మూలపడి ఉన్న కంప్యూటర్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. పథకాల కింద వచ్చినవి, దాతలు ఇచ్చినవి, కొంతకాలం పనిచేసి ఆగిపోయినవి, గదుల్లో దుమ్ము పట్టి ఉన్నవి ఉన్నాయి. వాటిలో మరీ పాతవి తుక్కే కావచ్చు. కాని ఎన్ని తుక్కు, ఎన్ని ఒక ఎస్.ఎస్.డి.తో లేచి నిలుస్తాయి అని విప్పి చూడకుండానే కొత్తవాటికి ప్రతిపాదనలు పంపడం ఏ లెక్కన సబబు?

ఇందుకు పెద్ద నిధులు అవసరం లేదు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ.లలో కంప్యూటరు, ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థులకు చేతి పని కావాలి. నెలకొక మండలంలో ఒక రోజు మరమ్మతు శిబిరం పెట్టి, అధ్యాపకుల పర్యవేక్షణలో పాఠశాలల యంత్రాలు, గ్రామస్థులు తెచ్చుకున్న యంత్రాలు పరీక్షిస్తే పిల్లలకు పని వస్తుంది, జనానికి డబ్బు మిగులుతుంది. పశువైద్య శిబిరాలు, కంటి శిబిరాలు పెట్టే జిల్లాలో కంప్యూటరు శిబిరం ఎందుకు పెట్టకూడదు? జిల్లా విద్యాశాఖాధికారులు, పాలిటెక్నిక్ ప్రిన్సిపాళ్లు ఈ విషయం ఆలోచించాలి. మండల కేంద్రాలలోని మెకానిక్కులు తాము చేసే పనులకు రేట్ల బోర్డు దుకాణం ముందు పెడితే వారి మీద నమ్మకమూ పెరుగుతుంది, వ్యాపారమూ పెరుగుతుంది.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. పిల్లల చదువుకోసం అప్పు చేయడానికి మీరు వెనుదీయరని అందరికీ తెలుసు. ఆ మాట వ్యాపారులకు కూడా తెలుసు. అందుకే కిస్తీ కాగితం మీద సంతకం పెట్టేముందు మీ కంప్యూటరు ఏ తరానిదో, డిస్కు ఏ రకమో, ర్యామ్ ఎంతో అడగండి. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పకుండా "కొత్తది కొను" అనేవారి దుకాణం దిగి పక్క దుకాణానికి నడవండి. మిగిలిన డబ్బు బిడ్డ హాస్టలు ఫీజుకు పనికివస్తుంది.